పసిబిడ్డల ప్రాణవాయువును కాంతితో కొలుచుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

ఈ రజతోత్సవ సభలో గ్రంథములను గూర్చియు, కవులను గూర్చియు మాటలాడువారు పలువురున్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రము వైద్యమునకు సంబంధించిన విషయ మొకటి బోరబండ బస్తీలలోని తల్లులకు తెలియునట్లు తెలుగున చెప్పుమని కోరిరి. గ్రంథాలయమున శాస్త్ర ప్రసంగ మేమని యెవరికైన తోచినచో ఒక్కమాట మనవి చేయుదును. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఈ నగరముననే 1901లో వెలసినది. మఱి అయిదేండ్లకు, 1906లో, కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు మొదలగు పెద్దలు విజ్ఞాన చంద్రికా మండలిని ఇక్కడనే నెలకొల్పి శాస్త్ర గ్రంథములను తెలుగున వెలువరించిరి. కనుక ఈ నగరమున గ్రంథాలయమునకు శాస్త్రము చుట్టపుచూపుగా వచ్చిన అతిథి కాదు, ఇంటి బిడ్డయే.

నేను ఎన్నుకొన్న విషయము నెలలు నిండకయే పుట్టిన పసికందులకు సంబంధించినది. కిలో, కిలోన్నర బరువుండు అట్టి బిడ్డను ఆసుపత్రిలో వెచ్చని పెట్టెలో ఉంచుదురు. పాదమునకు చిన్న పట్టీ చుట్టుదురు. ఆ పట్టీలో ఎఱ్ఱని దీపము వెలుగుచుండును. ప్రక్కనున్న తెరపై ఒక అంకె 92, 94, 89 అనుచు మారుచుండును. వరండాలో నిలుచున్న తండ్రి, నాయనమ్మ, మేనమామ అద్దములోనుండి తొంగిచూచి, బిడ్డ ముఖమును చూచినదానికంటె ఆ అంకెను ఎక్కువసేపు చూతురు. అది పెరిగిన సంతోషము, తగ్గిన దుఃఖము. ఆ అంకె యేమి చెప్పుచున్నది? ఏమి చెప్పలేకున్నది? అది నూరైనపుడు మనము నిజముగా సంతోషింపవచ్చునా? ఇదియే నేడు నేను చెప్పబోవునది.

2020, 2021 సంవత్సరములలో కరోనా వచ్చినపుడు వ్రేలికి తగిలించు చిన్న యంత్రము మన బస్తీలలో ఇంటింట ప్రవేశించినది. అంతకుముందు వైద్యులకే తెలిసిన “సాచురేషను” అను మాట ఆ రెండేండ్లలో కూరగాయల బండివారికిని పరిచయమైనది. అందుచేత నా పని సగము తగ్గినది. మన రక్తములో ఎఱ్ఱని పదార్థ మొకటి యున్నది. దానిని హిమోగ్లోబిన్ అందురు. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును, అనగా ఆక్సిజనును, ఎక్కించుకొని శరీరమంతటికిని మోసికొనిపోవునది అదియే. సిటీబస్సులో నూరు సీట్లున్నవనుకొనుడు. తొంబదియైదు సీట్లలో జనులు కూర్చున్నచో ఆ బస్సు 95 శాతము నిండినది. యంత్రము చూపు అంకె యట్టిది.

ఈ సంగతిని కంటితో కనిపెట్టలేమా యని అడుగుదురు. బిడ్డ నీలము తిరిగిన తెలియదా? పెదవులు నల్లబడిన తెలియదా? తెలియును, కాని ఆలస్యముగా తెలియును, తప్పుగను తెలియును. అమెరికాలో వర్జీనియా ఆప్గార్ అను వైద్యురాలు అప్పుడే పుట్టిన బిడ్డ స్థితిని అయిదు లక్షణములచేత నిర్ణయించు పద్ధతిని 1953లో ప్రకటించినది. నేటికిని లోకమంతట పురిటిగదులలో దానినే వాడుచున్నారు. ఆ అయిదింటిలో శరీరవర్ణ మొకటి. అయితే 2007లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధన యొకటి కలదు. అప్పుడే పుట్టిన బిడ్డల చలనచిత్రములను అనుభవముగల వైద్యులకు, నర్సులకు చూపి, బిడ్డ యెప్పుడు ఎఱ్ఱబడెనో చెప్పుడనిరి. ఒకే బిడ్డను చూచి ఒకరు ఇప్పుడే యనిరి. మరియొకరు ఇంకను లేదనిరి. యంత్రపు లెక్కతో పోల్చిచూడగా వారి తీర్పులు ఎక్కడికెక్కడనో యుండెను. నిపుణుల కన్నులే యిట్లు మోసపోవునప్పుడు, చామనచాయ బిడ్డను రాత్రివేళ ట్యూబులైటు క్రింద చూచు మనబోంట్ల మాట చెప్పనేల?

ఏ లక్షణమును చూడవలెను అను వాదము మన నగరమునకు క్రొత్తది కాదు. ఆ కథ కొంచెము చెప్పెదను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పాలనలో ఎడ్వర్డ్ లారీ అను ఆంగ్ల వైద్యుడు హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగా నుండెను. శస్త్రచికిత్సకై క్లోరోఫారము ఇచ్చునపుడు రోగి నాడిని చూడవలెనా, శ్వాసను చూడవలెనా యని ఆనాడు ప్రపంచమున పెద్ద వివాదము. శ్వాసనే చూడుడని లారీ పట్టు. దానిని తేల్చుటకు 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు క్లోరోఫారము సంఘములు ఈ నగరముననే కూర్చున్నవి. ధనము నిజామిచ్చెను. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ అను పండితుడు ఓడ యెక్కి వచ్చెను. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ క్లోరోఫారమిచ్చుటలో ఆరితేరి, మత్తువైద్యమును వృత్తిగా చేపట్టిన తొలి మహిళలలో ఒకరుగా పేరొందినది. లారీ వాదము సగమే నిజమనియు, క్లోరోఫారముచేత గుండెయు హఠాత్తుగా ఆగవచ్చుననియు తరువాత తేలెను. అయినను ఒక్క మాట నిలిచినది: రోగిని మనము గమనింపక యుండిన క్షణమే అపాయక్షణము. నేటి యంత్రములన్నియు ఆ గమనికను మనిషి అలసట లేకుండ సాగించుటకు పుట్టినవే.

ఇక అసలు చిక్కునకు వత్తును. ప్రాణవాయువు తక్కువైన ప్రాణమునకు ముప్పు. నవజాత శిశువు విశ్రాంతిగా నున్నప్పుడు వెచ్చించు శక్తిలో సుమారు సగము మెదడే తినివేయును. అట్టి మెదడునకు ప్రాణవాయువు చాలనిచో నష్టము ఎంతటిదో ఊహింపుడు. మఱి ఎక్కువైనచో? ప్రాణవాయువునకు ఎక్కువ యేమిటి, అమృతమునకు అజీర్ణమా యని మీరందురు. వైద్యలోకమును ఒకప్పుడు అట్లే యనుకొన్నది. అనుకొన్నందుకు మూల్యము చెల్లించినవారు పసిబిడ్డలు.

1942లో అమెరికాలోని బోస్టను నగరమున థియొడోర్ టెర్రీ అను నేత్రవైద్యుడు, నెలలు నిండక పుట్టిన బిడ్డల కంటిపాపల వెనుక తెల్లని పొర యేర్పడి చూపు పోవుటను వర్ణించెను. అది మొదలు పదేండ్లలో, మంచి ఆసుపత్రులున్న సంపన్న దేశములలోనే, సుమారు పదివేలమంది బిడ్డలు అంధులైరి. పేదదేశములలో అట్టి బిడ్డలు అసలు బ్రతుకనే లేదు, కనుక అంధత్వమును లేదు. ప్రసిద్ధ గాయకుడు స్టీవీ వండర్ 1950లో నెలతక్కువగా పుట్టి ఆ విధముగా చూపు కోల్పోయినవాడే. 1951లో మెల్‌బోర్న్‌లోని కేట్ క్యాంప్‌బెల్ అను వైద్యురాలు, దీనికి కారణము మనము ధారాళముగా ఇచ్చు ప్రాణవాయువే యేమో యని సందేహించినది. అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి 1953లో పరీక్ష మొదలిడి ఆమె సందేహము నిజమని తేల్చినవి.

కారణ మిది. మాతృగర్భమున శిశువు రక్తములో ప్రాణవాయువు మనకున్నంత యుండదు. ఆ కొద్దిపాటిలోనే కంటి లోపలి తెరయగు రెటీనాలో రక్తనాళములు మెల్లగా చివరలవరకు ప్రాకును. నెలలు నిండువేళకు ఆ పని ముగియును. బిడ్డ ముందే పుట్టి, అధిక ప్రాణవాయువు తగిలినచో, ఇక మా యవసరము లేదు గాబోలునని ఆ నాళముల పెరుగుదల నిలిచిపోవును. కొన్ని వారములకు ఆకలిగొన్న రెటీనా నాళములను పిలుచును. అప్పుడవి క్రమము తప్పి, పిచ్చితీగలవలె అల్లుకొని, తుదకు రెటీనాను ఊడదీయును. చూపు పోవును.

సంగతి తెలిసిన వెంటనే వైద్యులు రెండవ వైపునకు మొగ్గిరి. ప్రాణవాయువును కఠినముగా తగ్గించిరి. అంధులు తగ్గిరి, కాని ఊపిరందక చనిపోయిన బిడ్డలు పెరిగిరి. కాపాడబడిన ఒక్కొక్క చూపునకు పదునారు ప్రాణములు పోయియుండునని 1973లో ఇంగ్లండు వైద్యు డొకడు లెక్కవేసెను. ఆ లెక్కను గూర్చి వాదములున్నను, అందులోని భయము నిజము. ఒక అంచున చీకటి. రెండవ అంచున మృత్యువు. నడుమనున్న దారి వెడల్పెంతో కొలువకుండ ఆ దారిన నడచుట ఎట్లు?

కొలువవలెనన్న రక్తము తీయవలెను. ఇక్కడ తల్లులు ఒక సంగతి గుర్తింపవలెను. కిలో బరువుండు బిడ్డ శరీరములోని రక్తమంతయు కలిపి 80, 90 మిల్లీలీటర్లు; మన యిరానీ హోటలులోని చాయ్ కప్పెడు. ఆ కప్పులోనుండి దినమునకు నాలుగైదు మారులు అర చెంచా, పావు చెంచా తీసినచో, చూచుచుండగనే రక్తహీనత కలుగును. పైగా రక్తము తీసిన క్షణమున ఉన్న స్థితి అరగంటకు ఉండదు. సూది గ్రుచ్చునపుడు బిడ్డ ఏడ్చినచో ఆ యేడ్పుతోనే లెక్క మారిపోవును. కనుక గ్రుచ్చకుండ, కోయకుండ, ఎడతెగకుండ కొలుచు ఉపాయము కావలసివచ్చెను.

మొదట వచ్చినది 1970 ప్రాంతములలో జర్మనీలో తయారైన పరికరము. చర్మమును 43, 44 డిగ్రీలవరకు వెచ్చజేయు బిళ్ల యొకటి అంటించినచో, చర్మమునుండి వెలువడు ప్రాణవాయువును అది కొలుచును. లెక్క మంచిదే కాని పసి చర్మము కములును. మూడు నాలుగు గంటలకొక మారు బిళ్లను చోటు మార్చవలెను. అది పసిబిడ్డల వార్డులలో చాలకాలము ఊడిగము చేసినది.

ఆ తరువాతిది మనకు పరిచయమైన పల్స్ ఆక్సీమీటరు. దాని పుట్టుక విచిత్రము. జపానులో టకువో అయోయాగి అను ఇంజనీరు 1970 దశాబ్దపు ఆరంభమున చెవితమ్మెగుండ కాంతిని పంపి గుండె యెంత రక్తము తోయుచున్నదో కొలువ ప్రయత్నించుచుండెను. నాడి కొట్టుకొనినపుడెల్ల ఆయన గీతలో అల లేచి లెక్కను చెరచుచుండెను. ఆ చీకాకును తొలగించుటకై రెండు రంగుల కాంతిని వాడి ఒకదానిచే నొకదానిని రద్దు చేయజూచెను. శరీరములో ప్రాణవాయువు మారినపుడు ఆ రద్దు కుదరక పోయెను. ఇంకొకడైన విసిగి వదలివేసెడివాడే. అయోయాగి మాత్రము, ఈ చీకాకే నాకు ప్రాణవాయువు లెక్క చెప్పుచున్నదని గ్రహించెను. 1974లో ఆ సూత్రమును ప్రకటించెను. ఆ మహనీయుడు 2020 ఏప్రిలులో, లోకమంతయు ఆయన యంత్రమునే వ్రేళ్లకు తగిలించుకొనియున్న వేళ, పరమపదించెను.

సూత్రము తెలియుటకు ప్రయోగశాల యక్కరలేదు. రాత్రి దీపములార్పి టార్చిలైటుపై అరచేయి యుంచుడు. వ్రేళ్లు ఎఱ్ఱగా వెలుగును. తెల్లని కాంతిలోని తక్కిన రంగులన్నియు లోపలనే ఇంకిపోగా, ఎఱుపు మాత్రము ఈవలికి వచ్చుచున్నదన్నమాట. ఎఱుపునకు ఆవల కంటికి కనబడని పరారుణ కాంతి యింకను సులభముగా వచ్చును. ప్రాణవాయువు నిండిన రక్తము ఎఱుపు కాంతిని పోనిచ్చి పరారుణమును ఎక్కువగా త్రాగును. ప్రాణవాయువు లేని రక్తము ఇందుకు విపరీతము. 660 నానోమీటర్ల ఎఱుపును, 940 నానోమీటర్ల పరారుణమును మార్చి మార్చి పంపి, నాడి అలతో పాటు ఏది యెంత మారెనో చూచినచో ధమనులలోని రక్తపు లెక్క వచ్చును. ఇంతియే రహస్యము.

ఇప్పుడు నూరు మాటకు వత్తును. ఏ సాయమును లేక గాలి పీల్చుచున్న ఆరోగ్యవంతుడగు బిడ్డకు అంకె 97 వచ్చినను 100 వచ్చినను చింత లేదు. కాని నెలతక్కువ బిడ్డకు గొట్టముద్వారా ప్రాణవాయువు ఇచ్చుచున్నపుడు 100 అను అంకెను చూచి వరండాలో మిఠాయి పంచకుడు. బస్సులో నూరు సీట్లును నిండినపిమ్మట మెట్లపై ఎందరు వ్రేలాడుచున్నారో సీట్ల లెక్క చెప్పదు గదా! అట్లే రక్తములో అదనముగా ఎంత ప్రాణవాయువు కరిగి కంటి నాళములకు హాని చేయుచున్నదో ఆ అంకె చెప్పలేదు. అందువలననే అట్టి బిడ్డల మానిటరుకు క్రిందనే గాక పైనను గంట అమర్చుదురు. నర్సమ్మ వచ్చి ప్రాణవాయువును తగ్గించినపుడు, మాబిడ్డకు గాలి కోసినారని కొందరు కలహమునకు దిగుట గలదు. ఆమె చేయుచున్నది కన్నును కాపాడు పని.

ఎంత యుండవలెనన్న ప్రశ్నకు అయిదు పెద్ద పరీక్షలు జరిగినవి. సుమారు అయిదువేలమంది బిడ్డల లెక్కలను కలిపి 2018లో ప్రకటించిరి. 85నుండి 89 వరకు ఉంచినవారిలో మరణములు 19.9 శాతము, 91నుండి 95 వరకు ఉంచినవారిలో 17.1 శాతము. కంటికి చికిత్స కావలసివచ్చినవారు మొదటి జట్టులో 10.9, రెండవదానిలో 14.9 శాతము. చూచితిరా, నడుమదారి యెంత ఇరుకో! ప్రాణమే ముఖ్యముగనుక రెండవ కొలతనే పలువురు స్వీకరించిరి. అయితే ఆ కొలతను స్వీకరించుటయనగా, కన్నులను విధిగా పరీక్షించుటకు మాట యిచ్చుటయే. ఈ రెండవ సగము మనవద్ద తరచు మఱచిపోవుచున్నారు.

మనవద్ద ఎందుకు ముఖ్యమో వినుడు. 2020లో భారతదేశమున 30 లక్షలకు పైగా శిశువులు నెలలు నిండకుండ పుట్టిరని అంచనా. ఏ దేశమునను ఇందరు లేరు. మన నగరమున పేదల పసిబిడ్డలకు పెద్దదిక్కు నీలోఫర్ ఆసుపత్రి. ఏడవ నిజాము కోడలు నీలోఫర్ రాకుమారి కడ పనిచేయుచుండిన రఫతున్నీసా అను పరిచారిక 1949లో ప్రసవవేళ మరణింపగా, ఇక ఏ రఫతున్నీసాయు ఇట్లు పోరాదని రాకుమారి పట్టుబట్టిన ఫలితముగా 1953లో ఆ ఆసుపత్రి వెలసినది. ఒకప్పుడు కిలోన్నర బిడ్డ బ్రతికిన అబ్బురము. నేడు కిలో బిడ్డలును ఇండ్లకు చేరుచున్నారు. ప్రాణము నిలిచినకొలది కంటి సమస్య పెరుగును. దీనిని గుర్తించి, బంజారాహిల్సులో గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో సుభద్రా జలాలీగారు మొదలగువారు 1990 దశాబ్దపు చివరి సంవత్సరములలో జంటనగరముల కార్యక్రమ మొకటి ఆరంభించిరి. బిడ్డలు తమవద్దకు వచ్చువరకు ఆగక, నేత్రవైద్యులే శిశువార్డులకు పోయి పరీక్షించుట అందలి విశేషము. ఈ పద్ధతిని దేశములో పలుచోట్ల తరువాత అనుసరించిరి.

ప్రాణవాయువును పొదుపుగా వాడుటలోను మన దేశపు వాటా కలదు. పుట్టగనే ఊపిరి తీయని బిడ్డకు శుద్ధ ప్రాణవాయువే ఊదవలెనని పూర్వ మందరు నమ్మెడివారు. ఢిల్లీలో సిద్ధార్థ రాంజీగారు మామూలు గాలితో చేసి చూచి, 1993లో ఫలితములు ప్రకటించిరి. గాలియే చాలుననెను ఆ పరిశోధన. నేడు నెలలు నిండిన బిడ్డకు మామూలు గాలితోనే ప్రారంభింపవలెనని ప్రపంచమంతటి నియమము. పుట్టిన మొదటి నిమిషమున ఆరోగ్యవంతుడగు బిడ్డకును 60, 65 శాతమే యుండును. అయిదవ నిమిషమునకు 80, 85. పది నిమిషములకు గాని 90 ప్రాంతమునకు రాదు. ప్రకృతి తొందరపడుట లేదు, మనకెందుకు తొందర?

ఇంతవరకు చెప్పినది ధమనులలోని రక్తమును గూర్చి. ప్రసంగమునకు ముఖ్యమైన భాగ మింకొకటి యున్నది. బోరబండవారికి నల్లా నీటి సంగతి చెప్పనక్కరలేదు. పెద్ద ట్యాంకునుండి నీరు వదలినామని అధికారులు చెప్పుదురు, అది నిజమే. కాని గుట్టపై చివరి గల్లీలో నల్లా త్రిప్పిన గాలి మాత్రమే వచ్చును. పల్స్ ఆక్సీమీటరు ట్యాంకు లెక్క చెప్పును. చివరి గల్లీ లెక్క, అనగా మెదడు లోపలి కణజాలమునకు అందినదెంత, వాడుకొనగా మిగిలినదెంత యన్నది అది చెప్పలేదు. రక్తపు పోటు తగ్గినను, రక్తమే పలుచనైనను, ట్యాంకు నిండియే యుండును, గల్లీ ఎండిపోవును.

ఆ చివరి నల్లాను చూచు మార్గమును ఫ్రాన్స్ యోబ్సిస్ అను శాస్త్రజ్ఞుడు 1977లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమునుండి చూపెను. 700నుండి 900 నానోమీటర్ల వఱకుగల సమీప పరారుణ కాంతి ఎముకను సైతము దాటి మెదడును చేరగలదని ఆయన కనుగొనెను. పెద్దల పుఱ్ఱె మందము. పసిబిడ్డ పుఱ్ఱె పలుచన, తలయు చిన్నది; ఈ పద్ధతి వారికొఱకే పుట్టినదా యనిపించును. 1985లో డ్యూక్‌లోను, 1986లో లండనులోను నవజాత శిశువులపై దీనిని వాడి చూచిరి.

పరికరము చిన్నది. నుదుటిపై మెత్తని పట్టీ యొకటి అంటింతురు. ఒక చివర కాంతి బయలుదేరును. కొంత దూరమున రెండు గ్రాహకములుండును. లోనికి పోయిన కాంతి అరటిపండువలె వంగి మరల పైకి వచ్చును. దగ్గరి గ్రాహకమునకు చేరునది చర్మము, ఎముకల కథ. దూరపు గ్రాహకమునకు చేరునది మెదడు కథయు కలిసినది. రెండవదానినుండి మొదటిదానిని తీసివేసిన మెదడు లెక్క మిగులును. ఇది నాడి అలపై ఆధారపడదు. ధమని, సిర, నడుమనున్న సూక్ష్మనాళములన్నిటిని కలిపి చూచును. వానిలో హెచ్చుభాగము సిరల రక్తమే గనుక అంకె సహజముగా తక్కువ యుండును. సాధారణముగా 55నుండి 85 వరకు. ఆ అంకె 70 అని చూచి అయ్యో యనవలసిన పని లేదు.

ఇంత మంచి పరికరము అన్ని వార్డులలో ఎందుకు లేదని మీరడుగవచ్చును. వెల యొక కారణము. అంతకంటె గట్టి కారణ మింకొకటి. 2015లో ఐరోపాలో 166మంది అతిచిన్న బిడ్డలపై జరిగిన పరీక్షలో, ఈ పరికరమును చూచుచు చికిత్స చేసినచో మెదడు ప్రాణవాయువు లేక బాధపడు కాలము బాగుగా తగ్గుననని తేలినది. అందరును సంతోషించిరి. పిమ్మట 17 దేశములలో, 70 ఆసుపత్రులలో, 1,601 మంది బిడ్డలపై మొదటి మూడు దినములు దీనిని వాడి పెద్ద పరీక్ష చేసిరి. 2023లో ఫలితము వచ్చినది. పరికరమున్న జట్టులో మరణముగాని, మెదడునకు తీవ్రమైన హానిగాని కలిగినవారు 35.2 శాతము, లేని జట్టులో 34 శాతము. అనగా భేదము లేదు!

దీనివలన పరికరము దండుగ యని కొందరనుచున్నారు. నా యభిప్రాయ మట్లు కాదు. నల్లాలో నీరు లేదని తెలిసినంత మాత్రమున నీరు రాదు. గొట్టమెక్కడ పగిలినదో, మోటారెందుకు ఆగినదో తెలిసి, బాగుచేయు ఉపాయము చేతనుండవలెను. మెదడునకు ప్రాణవాయువు తగ్గినదని అంకె చెప్పినపుడు రక్తపు పోటును పెంచవలెనా, రక్తమెక్కింపవలెనా, ఊపిరి యంత్రమును సవరింపవలెనా యన్నది ఇంకను పూర్తిగా తేలని శాస్త్రము. గుండె శస్త్రచికిత్సలవంటి చోట్ల దీనిని వాడుచునే యున్నారు. అతిచిన్న బిడ్డలందరకును అవసరమని చెప్పుటకు మాత్రము నేటి సాక్ష్యము చాలదు. కనుక, మీ బిడ్డయున్న ఆసుపత్రిలో నుదుటి పట్టీ లేదని మనసు కష్టపెట్టుకొనకుడు. పాదమునకు పట్టీ, దానిని చూచు నర్సు, ప్రాణవాయువును గాలితో కలిపి పాలు తగ్గించు సాధనము, ఈ మూడును ఉన్నవా యని చూచుకొనుడు.

వర్ణమును గూర్చి ఒక హెచ్చరిక. 2020లో అమెరికాలో పెద్దవారిపై జరిగిన పరిశీలనలో, పల్స్ ఆక్సీమీటరు 92నుండి 96 వరకు చూపుచున్నను, నిజమునకు రక్తములో 88కి తక్కువ యున్నవారు తెల్లవారిలో 3.6 శాతము, నల్లవారిలో 11.7 శాతము కనబడిరి. కాంతి చర్మపు రంగునుగుండ పోవలసియుండుటయే కారణము. మనది చామనచాయ దేశము. అంకె బాగుండియు బిడ్డ పాలు త్రాగక, డొక్కలెగురవేయుచున్నచో బిడ్డనే నమ్ముడు. కరోనానాటి వ్రేలి యంత్రము అల్మారాలో నున్నదిగదా యని పసిబిడ్డ చేతికి తగిలింపకుడు. అది పెద్దల వ్రేలి కొలతకు చేసినది. పసివ్రేలికి పట్టదు, తప్పు చెప్పును.

ఇక నేను మిమ్ము కోరునది ఒక్కటే. 34 వారములు నిండకుండ పుట్టిన బిడ్డకుగాని, రెండు కిలోలకంటె తక్కువ తూగిన బిడ్డకుగాని, పుట్టిన ముప్పది దినములలోపల కంటి లోపలి తెరను నేత్రవైద్యుడు చూడవలెను. 28 వారములకు ముందే పుట్టినచో, 1,200 గ్రాములకు తక్కువైనచో, రెండు మూడు వారములకే చూడవలెను. ఒక్కమారు చూచిన చాలదు. వైద్యుడు చాలునను వరకు. వ్యాధి ముదిరినదని తెలిసినచో రెండు మూడు దినములలో లేసరు చికిత్స జరుగవలెను. ఆ సమయము దాటిన తరువాత ఎంత ధనము పోసినను చూపు తెచ్చుట కష్టము. బిడ్డ కన్ను పైకి చక్కగనే కనబడుచుండును. లోపలి వ్యాధి తల్లికి తెలియదు.

అడ్డుపడునది మన ఆచారమే యని నొప్పింపకుండ చెప్పెదను. మన యిండ్లలో పురిటిబిడ్డను గడప దాటింపరు. ముస్లిము సోదరుల యిండ్లలో నలుబది దినముల చిల్లా ముగియవలెను. చలిగాలి, దృష్టి, అంటురోగము సోకకుండ పెద్దలు పెట్టిన కట్టుబాటు అది; చెడ్డది కాదు. కాని ముప్పదవ దినము ఆ నలుబదిలోపలనే పడుచున్నది. ఆసుపత్రికి పోవుటను ఆ కట్టుబాటునుండి మినహాయింపవలసినదిగా మన పురోహితులను, మౌల్వీ సాహెబులను, ముఖ్యముగా అమ్మమ్మలను, నాయనమ్మలను ప్రార్థించుచున్నాను. దూరమును పెద్దది కాదు. బోరబండ స్టేషనును, నీలోఫరునకు దగ్గరనున్న లక్డీకాపూల్ స్టేషనును ఒకే రైలుదారిపై నున్నవి. బంజారాహిల్సు ఇంకను చేరువ.

ఆసుపత్రినుండి ఇంటికి వచ్చునపుడు డిశ్చార్జి కాగితముపై మూడు సంగతులు వ్రాయించుకొనుడు: ఎన్ని వారములకు పుట్టినది, ఎంత తూగినది, కంటి పరీక్ష ఏ తేదీన. తేదీ వ్రాయకున్నచో అడుగుటకు సంకోచింపకుడు. ఆ తేదీని జ్ఞాపకముంచుకొనుటకు సులభోపాయ మొకటి: ఇరువదియొకటవ దినమున తొట్టెల వేయువారు అక్కడనుండి తొమ్మిది దినములు లెక్కించిన చాలును. లెక్క కుదరనివారికొఱకు, వారములు, బరువులు, దినములు పెద్ద అక్షరములతో వ్రాసిన కాగితమును తెలుగునను ఉర్దూలోను పఠనమందిరపు గోడపై, పంచాంగము ప్రక్కన అంటించుటకు కార్యదర్శిగారు అంగీకరించిరి.